దయానిధి మీద విసుగు కూడా స్పందనేనా?

విజయనగరంలో బీఏ రెండో సంవత్సరం చదువుతున్నాను. బుచ్చిబాబు నవల ‘చివరకు మిగిలేది’ మీద మూడు పేజీల స్పందన రాసి ఇస్తే, ‘ఇది కథాసారాంశం, ఇందులో నువ్వెక్కడ?’ అని మాస్టారు తిప్పి ఇచ్చేశారు.

నిజం చెప్పాలంటే కథానాయకుడు దయానిధి మీద నాకు విసుగే ఎక్కువ. కోమలి, అమృతం, ఇందిర... అందరి దగ్గరా ఆగుతాడు, ఎక్కడా నిలవడు. కానీ తల్లి గురించి లోకం అనుకునే మాటలు అతడిని వెంటాడుతున్న చోట పుస్తకం మూసి, పెద్దచెరువు గట్టున చాలాసేపు కూర్చున్నాను. మా ఇంటి మీదా అలాంటి మాటలున్నాయి. (అంతకుమించి ఇక్కడ చెప్పను.)

ఆ విసుగును దాచకుండా రాయవచ్చా? సొంత సంగతి ఎంతవరకు చెబితే స్పందన, ఎక్కడ దాటితే గోడు? నవల చదివినవారు చెప్పండి. సోమవారం ఇవ్వాలి, ఇంకా మొదటి వాక్యమే కుదరలేదు.