ఇంగ్లండ్ పల్లె పబ్, క్విజ్ రాత్రి, ఒక శవం: నవలకు మీ అనుభవాలు కావాలి

కొత్తకలం
యార్క్‌షైర్ డేల్స్‌లో ఒక పల్లె, ఊరికంతా ఒకటే పబ్. మంగళవారం రాత్రి క్విజ్ (బల్లకో జట్టుగా కూర్చుని కాగితం మీద జవాబులు రాసే పోటీ) విరామంలో పబ్ యజమాని నేలమాళిగలో శవమై కనిపిస్తాడు. కథ చెప్పేది ఆ ఊళ్లో ఉంటున్న తెలుగు డాక్టరు. సగం రాశాక మూడు చోట్ల కలం ఆగింది. విరామంలో ఎవరెవరు లేచి తిరుగుతారు? కథాకాలం 2004 మంచిదా, ఇప్పటిదా? శవాన్ని చూసిన డాక్టరు ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు? అక్కడ ఉన్నవాళ్లు, ఉండి వచ్చినవాళ్లు చెప్పండి.

రెండోస్థానం
విరామం సంగతి తరువాత. అసలు విషమంతా దిద్దుబాటులో ఉంటుంది. రౌండు అవగానే మన జవాబుల కాగితం పక్క బల్లకు పోతుంది, వాళ్లది మన చేతికి వస్తుంది. మా పక్క బల్ల దగ్గర ఒక రిటైర్డ్ టీచరమ్మ కూర్చునేది. మేము పేరులో ఒక్క అక్షరం తప్పు రాస్తే ఎర్ర సిరాతో అర మార్కు కోసేది. ఇంకో వారం ఆమె మరిది కాగితం ఆమె చేతిలో పడింది. ఆయన ‘ఆ మీసాలాయన’ అని రాస్తే పూర్తి మార్కు! క్విజ్ మాస్టర్‌కు చెబితే “నా మాటే ఆఖరు” అన్నాడు. అక్కడ అదే చట్టం. ఆ అర మార్కుతోనే మాకు క్రిస్మస్ కప్పు పోయింది. మీ హంతకుడికి వేరే కారణం వెతకనక్కరలేదు.

సెల్లార్_కుర్రాడు
లీడ్స్‌లో చదివేటప్పుడు పబ్‌లో పనిచేశాను. నేలమాళిగ అన్నారు కాబట్టి మీ పని సులువు. లాగర్ బీరు పీపాలకు బిగించే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ వాల్వు తిప్పి వదిలేస్తే చాలు. రంగు లేదు, వాసన లేదు, నిద్రపోయినట్టు పోతాడు. ప్రమాదమని రాసుకుని వెళ్లిపోతారు.

భద్రత_పాతకాపు
నిద్రపోయినట్టు పోయేది కార్బన్ మోనాక్సైడ్‌తో. రెండూ ఒకటే అనుకునేవాళ్ల వల్లనే ప్రమాదాలు జరుగుతాయి. మనకు ఊపిరి తీసుకోవాలనిపించేదే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు. ముక్కు చురుక్కుమంటుంది, నోట్లో పులుపు తగులుతుంది, ఆయాసం, దడ, తలపోటు. కాళ్లలో సత్తువ ఉన్నంతసేపు మనిషి మెట్ల వైపే పరుగెడతాడు. పరిశ్రమల భద్రతలో తల నెరిసినవాడిని, నాకు పాఠాలు వద్దు.

సెల్లార్_కుర్రాడు
1986లో కామెరూన్‌లోని న్యోస్ సరస్సులోంచి వెలువడింది ఇదే గ్యాస్. దాదాపు 1,700 మంది చనిపోయారు, చాలామంది పడుకున్నచోటే. వాళ్లెవరికీ ముక్కు చురుక్కుమనలేదా?

భద్రత_పాతకాపు
అక్కడ లోయలకు లోయలే నిండిపోయాయి. గాలిలో పది శాతం దాటితే నిమిషాల్లో స్పృహ తప్పుతుంది, ఇంకా పెరిగితే నాలుగు ఊపిర్లు కూడా ఆడవు. మీ పబ్ సిలిండర్‌లో ఉండేది 6.35 కిలోలు. అంతా వదిలినా 3.4 ఘనపు మీటర్ల గ్యాస్. నేలమాళిగ 40 ఘనపు మీటర్లు అనుకున్నా ఎనిమిది శాతం. పైగా అలారం ఉంటుంది.

సెల్లార్_కుర్రాడు
మీ లెక్కలో గ్యాస్ గదంతా సమంగా పరుచుకుంది. గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువైనది అలా పరుచుకుంటుందా? నేలమీదే పేరుకుంటుంది. పీపా మార్చేవాడు నిలబడి మార్చడు సార్, వంగి మారుస్తాడు. అలారం స్విచ్ కట్టేసి ఉండటమే కథలో ఆధారం.

గోదారిగట్టు
మా తాతగారు పాడుబడిన బావిలోకి మనిషిని దించేముందు లాంతరు దించేవారు. దీపం ఆరిపోతే ఎవరూ దిగేవారు కాదు. ఆ సీను పెట్టండి, మన వాసన వస్తుంది.

భద్రత_పాతకాపు
పెట్టకండి. దీపం వెలుగుతోందంటే క్షేమమని కాదు. దీపం ఆరడానికి ముందే మనిషి పడిపోవచ్చు. ఈ నమ్మకంతోనే ఒకరిని తీయబోయి ఒకరు, బావుల్లో ముగ్గురు నలుగురు పోతుంటారు.

గోదారిగట్టు
మా తాతగారు తొంభై ఏళ్లు బతికారు.

భద్రత_పాతకాపు
ఆయన దిగలేదు కదా, దించారు.

కొత్తకలం
అయ్యా, నా డాక్టరు ఇంకా మెట్ల మీదే నిలబడి ఉన్నాడు.

పల్లెడాక్టరు
నిలబడనివ్వండి! గ్యాస్ అనుమానం ఉంటే డాక్టరైనా దిగకూడదు. అక్కడి అత్యవసర నంబరు 999కు ఫోను చేయాలి, ఫైర్ సర్వీసు వాళ్లు శ్వాస పరికరాలతో దిగుతారు. గ్యాస్ కాకపోతే నాడి చూడవచ్చు, ప్రాణం పోయిందని తేలాక ఇక దేన్నీ ముట్టుకోకూడదు. మరణ ధ్రువపత్రం రాయడం అతని చేతిలో ఉండదు, అసహజ మరణమంటే విషయం కరోనర్‌కు, అంటే అలాంటి మరణాలను విచారించే అధికారికి వెళుతుంది. మన నవలల్లోలాగా కరోనర్ వచ్చి హంతకుడి వైపు వేలు చూపించడు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్న నాలుగు ప్రశ్నలే అతనివి, నేరం ఎవరిదో తేల్చేది కోర్టు. కథను పొరపాటున కూడా స్కాట్లండ్‌కు జరపకండి, అక్కడ కరోనరే లేడు, ప్రొక్యురేటర్ ఫిస్కల్ అనే ప్రభుత్వ ప్రాసిక్యూటర్ చూస్తారు.

ఎర్రనేల
అడగకూడదు గానీ, తెలుగు నవలకు యార్క్‌షైర్ దేనికి? మన ఊళ్లలో శవాలు దొరకవా? కల్లు దుకాణంలో పెట్టండి కథ.

పల్లెడాక్టరు
మేము ఇక్కడ బతుకుతున్నాం కాబట్టి. మా సాయంత్రాలు ఇక్కడే గడుస్తున్నాయి. మీరు కల్లు దుకాణం నవల రాయండి, కొని చదువుతాను.

ఎర్రనేల
పుస్తకాలు కొనేవాళ్ల మాటలా ఇవి!

గంట_మోగింది
పోట్లాట ఆపితే ఒక మాట. కళ్లు మూసుకుని 2004లో పెట్టండి. పబ్‌ల వేళలు మార్చిన కొత్త లైసెన్సు చట్టం అమలైంది 2005 నవంబరులో. అంతకుముందు మామూలు రోజుల్లో పదకొండింటికి అమ్మకం ఆపి గంట కొట్టేవారు, గ్లాసులో ఉన్నది ముగించడానికి ఇంకో ఇరవై నిమిషాలు. ఆ తరువాత పల్లె పబ్‌లో ఏం జరిగేదో తెలుసా? తలుపు గడియ వేసి, తెరలు లాగి, దగ్గరివాళ్లతో అర్ధరాత్రి దాకా సాగేది. అది చట్ట విరుద్ధం. అంటే లోపల ఉన్న పదిమందీ ‘మేము పదకొండున్నరకే వెళ్లిపోయాం’ అని పోలీసులకు అబద్ధం చెబుతారు, అందులో తొమ్మిది అబద్ధాలు అమాయకమైనవి. ఇంతకన్నా ఏం కావాలి? పొగతాగడం మీద నిషేధం కూడా 2007 జూలై 1న వచ్చింది. 2004లో సిగరెట్ కోసం ఎవరూ బయటికి వెళ్లరు, కాబట్టి విరామంలో బయటికి వెళ్లిన ప్రతివాడూ అనుమానితుడే.

కొత్తకలం
గంట గారూ, చాలా సంతోషం. హత్యను విరామంలోంచి తీసి, క్విజ్ అయిపోయాక తలుపు గడియ వేసి సాగే ఆ తంతులోకి మారుస్తున్నాను. ఇప్పుడు బల్లల మధ్య గొడవ పుట్టించే ప్రశ్న ఒకటి కావాలి.

చరిత్రపిచ్చి
ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీకి ఎంతమంది భార్యలు? అందరూ ఆరు అని రాస్తారు. ఒకడు మూడు అని రాస్తాడు. కేథరిన్ ఆఫ్ ఆరగాన్, ఆన్ బొలీన్, ఆన్ ఆఫ్ క్లీవ్స్‌తో పెళ్లిళ్లు చెల్లవని తీర్పులిచ్చారు. చెల్లని పెళ్లికి భార్య ఎలా అవుతుంది?

రెండోస్థానం
ఆరు. క్విజ్ మాస్టర్ కాగితంలో ఆరు ఉంటే ఆరే.

చరిత్రపిచ్చి
ఇలాంటి మాటలకే హత్యలు జరుగుతాయి.

లెమనేడ్
పల్లెలో రాత్రి బస్సులుండవని ఎవరూ చెప్పలేదు. ప్రతి టీమ్‌లో కారు నడిపేవాడు ఒకడు నిమ్మ సోడాతో సాయంత్రమంతా గడుపుతాడు. మా టీమ్‌లో అది ఎప్పుడూ నేనే, మా ఆయన తాగుతారు కాబట్టి. ఆ గదిలో ఎవరు ఎప్పుడు లేచారో, ఎవరి గ్లాసు ఎవరు తాగారో గుర్తుండేది నాలాంటివాళ్లకే. మీ డాక్టరు మగవాళ్లనే ప్రశ్నిస్తూ తిరుగుతున్నట్టున్నాడు.

సెల్లార్_కుర్రాడు
గ్యాస్ వద్దంటే ఇంకో దారి ఉంది. బీరు గొట్టాలు కడిగే ద్రావణం. ఊదా రంగులో ఉంటుంది, మురికి తగిలితే ఆకుపచ్చగా మారుతుంది. చిక్కటి నల్ల బీరులో కలిపితే రంగు కనిపించదు.

భద్రత_పాతకాపు
దాంట్లో ఉండేది సోడియం హైడ్రాక్సైడ్. మొదటి గుక్కకే నోరు, గొంతు కాలిపోతాయి. అరుస్తూ ఉమ్మేస్తాడు, పబ్ అంతా చూస్తుంది. మీ హంతకుడికి రెండో గుక్క దొరకదు.

సెల్లార్_కుర్రాడు
సార్, మీరు దయచేసి ఈ నవల చదవకండి.