తాతగారు ఫ్రెంచి యానాంలో పుట్టారు: ఆ ఆధారంతో మేము ఫ్రాన్స్‌లో స్థిరపడవచ్చునా?

ప్రశ్న (రామచంద్రపురం నుంచి)

అందరికీ నమస్కారం. మా తాతగారు, అంటే మా నాన్నగారి తండ్రి, 1931లో యానాంలో పుట్టారు. అప్పటికి యానాం ఫ్రెంచివారి పాలనలో ఉంది. ఆయన కాలం చేసిన తరువాత ట్రంకు పెట్టె సర్దుతూ ఉంటే పంచెల అడుగున నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి దొరికింది. మడతల దగ్గర చిరిగి, సిరా గోధుమరంగుకు తిరిగిన ఆ కాగితం మొత్తం ఫ్రెంచిలో ఉంది. భాష తెలిసినవారికి చూపిస్తే అది తాతగారి జనన పత్రమని, పుట్టిన సంవత్సరం, తేదీ, గంట కూడా అంకెల్లో కాక అక్షరాల్లో రాశారని, కింద సాక్షుల సంతకాలు ఉన్నాయని చెప్పారు. మా ఇంటిపేరు మాత్రం ఈనాడు మేము రాసుకునే తీరులో లేదు.

తాతగారి అన్నగారు చిన్న వయసులోనే ఉద్యోగం కోసం వియత్నాంలోని సైగాన్ వెళ్లి, చాలా ఏళ్ల తరువాత అక్కడి నుంచే ఫ్రాన్స్ చేరుకున్నారు. ఆయన మనుమలు ఈనాడు పారిస్ సమీపంలో ఫ్రెంచి పౌరులుగా ఉన్నారు. ఒకే అరుగు మీద ఆడుకుని పెరిగిన అన్నదమ్ముల్లో ఒకరి సంతానం ఫ్రెంచివారు కాగా, రెండవవారి సంతానమైన మేము ఎందుకు కాలేదో మాకు అర్థం కావడం లేదు. మా నాన్నగారు 1965లో యానాంలోనే పుట్టారు. నేను నర్సింగ్ చదివాను, వయసు 29 సంవత్సరాలు.

ఒక ఏజెంటు ఈ కాగితం చూసి, రక్తసంబంధం రుజువైతే వీసాతో కూడా పని లేదని, నేరుగా ఫ్రెంచి పాస్‌పోర్టే వస్తుందని, 4 లక్షల రూపాయలు ఇస్తే అన్నీ తానే చూసుకుంటానని అంటున్నారు. నాన్నగారు పొలం మీద అప్పు తేవడానికి సిద్ధపడుతున్నారు. అప్పు చేసే ముందు ఈ విషయం తెలిసినవారి మాట వినాలని రాస్తున్నాను.

మొదటి జవాబు (యానాం నుంచి)

అమ్మా, ముందుగా మీ నాన్నగారిని అప్పు చేయవద్దని చెప్పండి. మాది యానాంలో ఫ్రెంచి జాతీయత నిలుపుకున్న కుటుంబం కనుక ఈ సంగతులు నాకు ఇంట్లో విని, కాగితాలు మోసి తెలిసినవే.

మీ తాతగారు ఎక్కడ పుట్టారన్నది ఈ విషయంలో మొదటి మెట్టు మాత్రమే. అసలు ప్రశ్న, 1962 ఆగస్టు 16వ తేదీన ఆయన ఎక్కడ నివసిస్తున్నారు, ఆ తరువాతి ఆరు నెలల్లో ఏ కాగితం మీద సంతకం చేశారు అన్నది. యానాం పాలన 1954లోనే భారతదేశం చేతికి వచ్చినా, పుదుచ్చేరి, కారైక్కాల్, మాహే, యానాంలను భారత్‌కు అప్పగించే ఒప్పందం మీద సంతకాలు జరిగింది 1956 మే 28న. అది అమలులోకి వచ్చింది 1962 ఆగస్టు 16న. అంటే ఆ మధ్య ఎనిమిదేళ్ల పాటు మన ఊరిమీద త్రివర్ణ పతాకం ఎగురుతూ ఉన్నా, చట్టం దృష్టిలో ఇక్కడి జనం ఇంకా ఫ్రెంచి జాతీయులే. అమలు తేదీ నాడు ఇక్కడ పుట్టి ఇక్కడే నివసిస్తున్నవారు తమంతట తాము ఏమీ చేయకుండానే భారత పౌరులైపోయారు. వద్దు, మేము ఫ్రెంచివారిగానే ఉంటాము అనుకున్నవారు ఆరు నెలలలోగా, అంటే 1963 ఫిబ్రవరి మధ్యలోగా, లిఖితపూర్వకంగా ప్రకటన ఇవ్వాలి. దీనినే మా ఇళ్లల్లో పెద్దలు ‘ఆప్షన్ రాసివ్వడం’ అనేవారు. ఇక్కడ పుట్టి ఆనాటికి కాకినాడలోనో మద్రాసులోనో కాపురం ఉన్నవారికి కూడా ఇదే నియమం వర్తించింది.

మీ పెద్దతాతగారి సంగతి వేరు. ఇక్కడ పుట్టి, ఆ తేదీనాటికి భారతదేశానికీ ఈ నాలుగు స్థావరాలకూ వెలుపల, మరొక దేశంలో నివసిస్తున్నవారి ఫ్రెంచి జాతీయత ఏ ప్రకటనా లేకుండానే నిలిచింది. ఆయన ఆ రోజున సైగాన్‌లో ఉన్నా, ఫ్రాన్స్‌లో ఉన్నా ఫలితం ఒక్కటే. మీ తాతగారు యానాంలో ఉండిపోయారు కనుక ఆయన చేతిలో ఉన్నది ఆరు నెలల గడువు మాత్రమే. ఒకే తల్లి బిడ్డలు రెండు దేశాల పౌరులైన కుటుంబాలు ఈ విధంగానే ఏర్పడ్డాయి.

ఇక మీ వరకు లెక్క ఇది. తాతగారు ఆప్షన్ ఇచ్చి ఉంటే, 1965లో పుట్టిన మీ నాన్నగారు ఫ్రెంచి తండ్రికి పుట్టిన బిడ్డగా పుట్టుకతోనే ఫ్రెంచివారవుతారు, ఆయన ద్వారా మీరు కూడా. ఇవ్వకపోయి ఉంటే ఆ గొలుసు తాతగారి దగ్గరే తెగిపోయింది. దానిని 4 లక్షలతోనే కాదు, 40 లక్షలతో కూడా అతికించలేరు. కాబట్టి జనన పత్రం పట్టుకుని తిరగకండి. ఆ ఆరు నెలల్లో ఏమి జరిగిందో ముందు ఇంట్లోని పెద్దలను అడగండి. ప్రకటన ఇచ్చారని తేలితే, పుదుచ్చేరిలోని ఫ్రెంచి కాన్సులేట్ జనరల్‌కు తాతగారి పూర్తి వివరాలతో ఉత్తరం రాసి విచారించండి.

రెండవ జవాబు (కాకినాడ నుంచి)

ఇదే విషయంలో నాదొక చిన్న సందేహం. మా అమ్మమ్మగారి పెళ్లి యానాంలో జరిగింది. ఆ పెళ్లి వల్ల మాకేమైనా హక్కు వస్తుందా?

మూడవ జవాబు (యానాం నుంచి, మొదటి జవాబు రాసినవారే)

రాదండి. 1929 నాటి శారదా చట్టం బ్రిటిష్ ఇండియాలో బాల్య వివాహాలను నిషేధించాక, చుట్టుపక్కల జిల్లాలవారు ఎందరో పిల్లలను ఇక్కడికి తెచ్చి పెళ్లిళ్లు చేసి తీసుకుపోయేవారు. యానాంకు కళ్యాణపురం అన్న పేరు అందువల్లనే వచ్చిందని చెబుతారు. పెళ్లిపందిరి ఎక్కడ వేశారన్న దానినిబట్టి జాతీయత రాదు. అమ్మమ్మగారు గాని, తాతగారు గాని స్వయంగా ఫ్రెంచి జాతీయులై ఉంటే తప్ప ఆ దారిలో వెతకనవసరం లేదు.

నాల్గవ జవాబు (పుదుచ్చేరి నుంచి, దరఖాస్తు తిరస్కరణకు గురైన వ్యక్తి)

పైన యానాం మిత్రులు చెప్పినదంతా సరియైనదే. అయితే తాతగారు ఆప్షన్ ఇచ్చినట్లు రుజువైనా కూడా దారి పూర్తిగా తెరుచుకోకపోవచ్చునని, మా కుటుంబం పడిన దెబ్బ దృష్ట్యా చెప్పవలసి ఉంది.

ఫ్రెంచి సివిల్ కోడ్‌లో 30-3 అనే అధికరణం ఉంది. ఎవరి పూర్వికుల ద్వారా జాతీయత రావాలో ఆ పూర్వికులు అర్ధశతాబ్దానికి మించి ఫ్రాన్స్ వెలుపలే స్థిరపడి ఉండి, దరఖాస్తుదారు కూడా విదేశంలోనే ఉంటూ, ఆయన గాని, జాతీయతను అందించవలసిన ఆయన తల్లి లేదా తండ్రి గాని ఫ్రెంచివారిగా మెలగకపోతే, వంశం ద్వారా తాను ఫ్రెంచివాడినని నిరూపించుకునే అవకాశమే ఇవ్వరు. మన ప్రాంతం విషయంలో ఆ యాభై ఏళ్లు 2012 ఆగస్టుతో నిండిపోయాయి. ఫ్రెంచివారిగా మెలగడం అంటే మనసులో అభిమానం కాదు. ఫ్రెంచి పాస్‌పోర్టు తీసుకోవడం, కాన్సులేట్‌లో పేరు నమోదై ఉండడం, ఫ్రెంచి ఎన్నికలలో ఓటు వేయడం వంటివి. మా తాతగారు 1962లో ఆప్షన్ ఇచ్చారు, ప్రకటన నకలు మా దగ్గర ఉంది. కాని మా నాన్నగారు కాన్సులేట్ గడప తొక్కలేదు, తన పెళ్లిని గాని మా పుట్టుకలను గాని అక్కడ నమోదు చేయించలేదు. పైగా జీవితమంతా భారత ఎన్నికలలో ఓటు వేశారు. నా దరఖాస్తు ఆ కారణంగానే తిరిగి వచ్చింది. తాతగారి సంతకం ఉన్న కాగితాన్ని చేతిలో పట్టుకుని, అది నిజమే అయినా నాకు పనికిరాదని చదువుకున్న రోజు నాకు చాలా బాధ కలిగింది. ఆయన తన వంతు చేశారు, మేము దానిని నిలుపుకోలేదు. ఈ పరిస్థితిలో ఉన్నవారికి 21-14 అనే అధికరణం ఒక దారి చూపుతుంది గాని, దానికి ఫ్రాన్స్‌తో సాంస్కృతిక, వృత్తి, ఆర్థిక లేదా కుటుంబ సంబంధాలు స్పష్టంగా నిలిచి ఉన్నాయని, లేదా ఫ్రెంచి సైన్యంలో పనిచేశారని చూపించాలి.

రుజువు కాగితం పేరు ఫ్రెంచి జాతీయతా ధ్రువపత్రం. మనవంటి విదేశ నివాసులు దానికోసం పారిస్ న్యాయస్థానంలోని జాతీయతా విభాగానికి దరఖాస్తు చేసుకోవాలి. మన జనన, వివాహ పత్రాలకు అపోస్టిల్ ముద్ర (పత్రం అసలైనదేనని విదేశాల కోసం ప్రభుత్వం వేసే ధ్రువీకరణ), అధీకృత అనువాదకుల చేత ఫ్రెంచి అనువాదం ఉండాలి. ఈ పని చేసిపెట్టడానికి ఏజెంటు అవసరం లేదు; దరఖాస్తుకు రుసుము కూడా లేదు, ఖర్చంతా పత్రాలకు, అనువాదాలకే.

ఇంటిపేరు తేడా గురించి కూడా రాశారు. 1881 సెప్టెంబరు 21 నాటి డిక్రీ ప్రకారం తమ కులమత ఆచార చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి సివిల్ కోడ్ కిందికి వచ్చినవారు అప్పుడు ఒక ఇంటిపేరును శాశ్వతంగా నమోదు చేయించుకున్నారు. గుమాస్తా తన చెవికి వినిపించినట్లు ఫ్రెంచి అక్షరాల్లో రాసినదే రిజిస్టరులో నిలిచింది. అలా వదులుకోని కుటుంబాలలో తండ్రి పేరే ఇంటిపేరులా రాసిన సందర్భాలు ఉన్నాయి. ఆ తేడాను సరిచేయిస్తామంటూ దొంగ పత్రాలు పుట్టించే వారున్నారు, వారి జోలికి మాత్రం దయచేసి వెళ్లవద్దు. ఒక్క పత్రం నకిలీదని తేలితే నిజమైన పత్రాలను కూడా నమ్మరు.

మరొక మాట. మన చట్టం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. ఫ్రెంచి పాస్‌పోర్టు పుచ్చుకున్న నాడు భారత పాస్‌పోర్టును అప్పగించి, ఇక్కడికి రాకపోకలకు ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) తీసుకోవలసి ఉంటుంది. ఆ కార్డుతో ఓటు ఉండదు, వ్యవసాయ భూమి కొనడానికి వీలుండదు. పొలం మీద ఆధారపడిన కుటుంబం ఇది ముందే ఆలోచించుకోవాలి.

ప్రశ్న అడిగినవారు తిరిగి రాసినది

అందరికీ కృతజ్ఞతలు. నిన్న యానాం వెళ్లి మా మేనత్తగారిని అడిగాను. ఆవిడకు 1962లో పదకొండేళ్లు. సైగాన్ నుంచి పెద్దతాతగారు, ఆప్షన్ రాయమని, గడువు దాటిపోతుందని, ఒకదాని వెంట ఒకటి మూడు ఉత్తరాలు రాశారట. తాతగారు వాటిని చదివి, మడిచి, దూలానికీ పెంకులకూ మధ్య దోపేవారట. ‘1954లో విలీనం కావాలని జెండా పట్టుకుని నడిచినవాణ్ణి, ఇప్పుడు వేరే కాగితం మీద సంతకం ఎలా పెడతాను’ అన్నారట. ఆయన సంతకం పెట్టలేదు. అందుచేత గొలుసు ఎక్కడ తెగిందో మాకు తెలిసింది. అది పొరపాటున జరిగినది కాదు, ఆయన కోరి చేసినది. అది విన్నాక నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అప్పు మాట ఎత్తలేదు. ఏజెంటుకు వద్దని చెప్పేశాము.

నాకు ఫ్రాన్స్ వెళ్లి పనిచేయాలన్న కోరిక మాత్రం పోలేదు.

ఐదవ జవాబు (యానాం నుంచి)

మీ తాతగారి నిర్ణయం మీ కుటుంబం గౌరవించవలసినది, గౌరవిస్తున్నారు కూడా, సంతోషం. వంశం పేరున దారి లేకపోయినా, చదువు పేరున ఉన్న దారి మీకు తెరిచే ఉంది. ఉన్నత విద్యకు, విదేశీ విద్యార్థుల కోసం ఉన్న ఫ్రెంచి ప్రభుత్వ సంస్థ క్యాంపస్ ఫ్రాన్స్ ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు. నర్సుగా అక్కడ పనిచేయాలంటే మీ భారతీయ డిగ్రీ ఒక్కటే సరిపోదు, అక్కడి నర్సింగ్ డిప్లొమా అడుగుతారు కనుక, మొదట భాష మొదలుపెట్టండి. హైదరాబాద్‌లో ఫ్రెంచి నేర్పే సంస్థ అలయన్స్ ఫ్రాన్సేజ్ ఉంది. మీ బంధువులకు ఒక ఉత్తరం రాసి, పెద్దతాతగారి దగ్గర మీ తాతగారి జవాబులు ఏమైనా మిగిలాయేమో కూడా అడగండి.