ఇండిపెండెంట్ అభ్యర్థికి కాంట్రాక్టర్ లక్షన్నర ఇస్తానంటున్నాడు. తీసుకోవాలా, ఇంటింటికీ తిరిగి చందా పోగెయ్యాలా?

సింగ్‌నగర్ సైకిల్ (చర్చ మొదలుపెట్టినవారు)

2024 సెప్టెంబరులో బుడమేరు మా ఇళ్ళలోకి వచ్చినప్పుడు పీకల్లోతు నీళ్ళలో పాల ప్యాకెట్లు, మంచినీళ్ళ డబ్బాలు మోసిన పదిహేను మందిమి మేం. అప్పటినుంచీ కలిసే ఉన్నాం. ఈసారి కార్పొరేషన్ ఎన్నికల్లో మా వీధిలో ఉండే రిటైర్డ్ లెక్కల టీచరమ్మని ఇండిపెండెంట్‌గా నిలబెట్టాలని పట్టుబట్టాం. ఆవిడ ముందు నవ్వేశారు, తరవాత ఒప్పుకున్నారు. ఒకటే షరతు పెట్టారు: వచ్చిన ప్రతి రూపాయికీ రసీదు, పోయిన ప్రతి రూపాయికీ బిల్లు.

పోయిన ఆదివారం చందాలకి బయల్దేరాం. ఐదుగురం, రెండు వీధులు, పొద్దున ఏడు నుంచి పన్నెండు దాకా. వచ్చింది 1,840 రూపాయలు. అందులో ఒక ఐదొందలు ఫోన్‌పేలో, మిగతావన్నీ ఇరవైలు, యాభైలు. టీలు, పెట్రోలు, రసీదు పుస్తకం కలిపి 310 ఖర్చు. వీధి చివర ఇస్త్రీ బండి ఆవిడ కొంగుముడి విప్పి ఇరవై కాగితం చేతిలో పెట్టి, "రసీదు వద్దు బాబూ. రాసినా నా పేరు రాయకు, నాకు బట్టలిచ్చేవాళ్ళలో అన్ని పార్టీల వాళ్ళూ ఉన్నారు" అంది. టీచరమ్మ షరతు గుర్తొచ్చి, పెన్ను పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

అదే రోజు సాయంత్రం మా ఏరియాలో కాలువలు, సిమెంటు రోడ్లు వేసే కాంట్రాక్టర్ ఫోన్ చేశాడు. లక్షన్నర ఇస్తాడట. "నాకేం వద్దు, మావాణ్ణి టెన్త్ లెక్కల్లో గట్టెక్కించింది ఆవిడే" అన్నాడు. మనిషి మంచివాడే. వరదలో తన జేసీబీ పంపించాడు. మాలో తొమ్మిది మంది తీసుకుందామంటున్నారు. నాకు మనసొప్పడం లేదు, ఎందుకో మాత్రం వాళ్ళకి సరిగ్గా చెప్పలేకపోతున్నా. మీరేమంటారు?

గవర్నర్‌పేట ప్రెస్సు

తీసుకో తమ్ముడూ. ఇరవై ఏళ్ళుగా కరపత్రాలు, ఫ్లెక్సీలు వేస్తున్నా. ఎన్నికల బాకీల పుస్తకం ఇప్పటికీ నా సొరుగులో ఉంది. గెలిచినవాడు ఫోనెత్తడు, ఓడినవాడు ఊళ్ళో కనపడడు. పెద్ద పార్టీలవాళ్ళు అడ్వాన్స్ పడేసి పోతారు. ఇండిపెండెంట్లే పాపం, ఇంట్లో గాజులు తాకట్టు పెట్టి తెస్తారు. ఒకాయన నామినేషన్ రోజు డప్పులకీ బిర్యానీలకీ ఉన్నదంతా ఊడ్చిపెట్టి, పోలింగ్‌కి వారం ముందు ఓటరు చీటీలు కొట్టించడానికి డబ్బుల్లేక నా షాపులో స్టూలు మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. చీటీలు అప్పుకి వేసిచ్చా. ఆ అప్పు ఇంకా అప్పుగానే ఉంది.

నీ దగ్గర ఖర్చులు పోను 1,530 మిగిలింది. ఆటోకి మైకు కట్టి ఒక రోజు తిప్పితే అయిపోతుంది. మిగతా రోజులు నోటితో అరుస్తారా?

బందరు రోడ్డు బాబాయ్

కొంచెం వెనక్కి వెళ్దాం. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో ఇదే బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ కూర్చుంది. పింగళి వెంకయ్య గారి జెండా అనగానే అందరికీ గుర్తొచ్చే సమావేశమే. జెండా సంగతి గుర్తుంచుకున్నాం, చందా సంగతి మర్చిపోయాం. జూన్ 30కల్లా తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటి మంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు కావాలని తీర్మానించింది ఇక్కడే. కోటీ గడువులోపల వచ్చింది. ఆడవాళ్ళు ఒంటి మీద నగలు తీసిచ్చారు. మెంబర్‌షిప్ నాలుగణాలు. ఆ నాలుగణాలు ఇచ్చినవాడు కాంగ్రెస్ నాది అనుకున్నాడు, లాఠీ దెబ్బలకీ జైలుకీ సిద్ధపడ్డాడు. ఇరవై ఇచ్చిన ఇస్త్రీ ఆవిడకి మీ టీచరమ్మ మీద హక్కు వస్తుంది. లక్షన్నర ఇచ్చినాయనకీ హక్కే వస్తుంది, కాకపోతే ఆయన హక్కు ఈవిడ హక్కుని మింగేస్తుంది.

కొత్తపేట కాఫీ (గుంటూరు)

బాబాయ్ గారూ, సగమే చెప్పారు. ఆ కోటిలో పెద్ద వాటా బొంబాయిది, అక్కడి వ్యాపారులది. నాలుగణాల వాళ్ళు మనుషుల్ని ఇచ్చారు, సేట్లు డబ్బులిచ్చారు. రెండూ కలిస్తేనే ఉద్యమం నడిచింది.

అయినా నేను వద్దనే అంటా. ఇది చరిత్ర చదివి చెప్పే మాట కాదు. కొన్నేళ్ళ కిందట గుంటూరులో ఒక ఇండిపెండెంట్ కోసం రెండు నెలలు తిరిగాను. పేర్లు వద్దు. మధ్యలో ఒక పెద్దమనిషి డబ్బు పెట్టాడు. మొదటి వారం ఏమీ అడగలేదు. రెండో వారం ప్రచారానికి వాళ్ళ కారు, వాళ్ళ డ్రైవర్ వచ్చాడు. మూడో వారం ఏ వీధికి ముందు వెళ్ళాలో డ్రైవరే చెప్పడం మొదలుపెట్టాడు. ఆ పెద్దమనిషికి గిట్టనివాళ్ళ వీధులు లిస్టులోంచి ఎగిరిపోయాయి. మా అభ్యర్థి ఒక్కసారి కూడా కాదనలేదు, ఎందుకంటే పెట్రోలు ఆయనది. నోరు తెరిచి అడిగితేనే అడిగినట్టా?

అరండల్‌పేట ఆడిటర్

చట్టం ఎక్కడుందో చెప్తా, తరవాత కొట్టుకోండి. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి మన రాష్ట్రంలో 40 లక్షలు, లోక్‌సభకి 95 లక్షలు. ఇది 2022 జనవరిలో పెంచిన లెక్క. కార్పొరేటర్‌కి రాష్ట్ర ఎన్నికల సంఘం వేరుగా పెడుతుంది, చాలా తక్కువ ఉంటుంది. ఈ పరిమితి అభ్యర్థికే, పార్టీకి లేదు. 1974లో సుప్రీంకోర్టు, అభ్యర్థి కోసం పార్టీ పెట్టిందీ అతని ఖాతాలోనే వెయ్యాలంది. వెంటనే పార్లమెంటు చట్టం మార్చి ఆ తీర్పుకి నీళ్ళొదిలింది. తరవాత 2003లో కొంత బిగించారు గానీ, పార్టీ సాధారణ ప్రచారం పేరుతో పెట్టేదానికీ, స్టార్ క్యాంపెయినర్ల హెలికాప్టర్లకీ దారి ఉండనే ఉంది. ఇండిపెండెంట్‌కి ఆ వెసులుబాటు ఏదీ? ఆవిడ కోసం పెట్టిన ప్రతి పైసా ఆవిడ నెత్తి మీదే.

ఇంకోటి. పార్టీకి చెక్కు రూపంలో చందా ఇస్తే ఆదాయపన్ను మినహాయింపు వస్తుంది. మీ టీచరమ్మకి ఇస్తే రాదు, ఎందుకంటే ఆవిడ రిజిస్టరైన పార్టీ కాదు. ఈ మినహాయింపు మీద నాకు వేరే కడుపుమంట ఉంది. ఊరూ పేరూ లేని పార్టీకి చెక్కు రాయడం, కమిషన్ పోను నగదు వెనక్కి తెచ్చుకోవడం, తరవాత ఐటీ నోటీసు పట్టుకుని నా దగ్గరికి పరిగెత్తడం. ఆరేళ్ళుగా ఒక్క ఎన్నికలో కూడా పోటీ చెయ్యని 334 పార్టీలని ఎన్నికల సంఘం 2025 ఆగస్టులో లిస్టులోంచి తీసేసింది. కాబట్టి చిన్నదంతా శుద్ధమైనదని అనుకోకండి.

నా సలహా: పార్టీలు ఒక మనిషి దగ్గర 2,000 మించి నగదు తీసుకోకూడదని ఆదాయపన్ను చట్టంలో ఉంది. మీరు ఇంకో మెట్టు పైకెక్కండి. నగదైనా, ఫోన్‌పే అయినా, ఎవరి దగ్గరైనా సరే 2,000కి మించి వద్దని ముందే చెప్పేయండి. అప్పుడు కాంట్రాక్టర్‌ని ప్రత్యేకంగా కాదన్నట్టు ఉండదు.

గవర్నర్‌పేట ప్రెస్సు

2,000 చొప్పున ఇచ్చేవాళ్ళు సింగ్‌నగర్‌లో ఎంతమంది ఉన్నారో ఆడిటర్ గారు ఒకసారి వచ్చి చూసి వెళ్ళాలి.

పటమట నల్లకోటు

ఇస్త్రీ బండి ఆవిడ దగ్గరే నా మనసు ఆగిపోయింది. "పేరు తెలిస్తే అవతలివాళ్ళు కక్ష కడతారు" అన్నమాట ఎక్కడో విన్నట్టు లేదూ? పేరు బయటపడకుండా పార్టీలకి చందా ఇచ్చే ఎలక్టోరల్ బాండ్లకి ప్రభుత్వం సుప్రీంకోర్టులో చెప్పుకున్న సమర్థన ఇదే. 2018 నుంచి 16 వేల కోట్లకు పైగా బాండ్లు అమ్మారు, ఎవరు ఎవరికిచ్చారో ఓటరుకి తెలియకుండా. 2024 ఫిబ్రవరి 15న ఐదుగురు జడ్జీల ధర్మాసనం మొత్తం స్కీమునే కొట్టేసింది. ఆ తీర్పులో అందరూ వదిలేసే ముక్క ఒకటుంది. చందా ఇచ్చేవాడి గోప్యతని కోర్టు కొట్టిపారెయ్యలేదు. అభిమానంతో ఇచ్చేదానికి ఆ హక్కు ఉంటుంది, విధానాలని తిప్పుకోవడానికి ఇచ్చేదానికి ఉండదు అంది. పార్టీలు 20,000 దాటిన చందాలకే పేర్లు చెప్పాలన్న పాత నిబంధన కూడా ఆ తేడా కోసమే ఉంది.

మరి ఆవిడ ఇరవైకి ఏ కాలువ కాంట్రాక్టు వస్తుంది? పేరు లేకుండా రాసుకోండి. "ఇస్త్రీ బండి" అని కూడా రాయకండి, మీ వీధిలో ఆ బండి ఒక్కటే ఉండి ఉంటుంది.

కృష్ణలంక గట్టు

ఎంత పద్ధతిగా మాట్లాడుకుంటున్నారో! పోలింగ్‌కి ముందు రాత్రి పదకొండింటికి కరెంటు పోతుంది, తలుపు దగ్గర కవరు పడుతుంది. అప్పుడు మీ రసీదు పుస్తకం ఎవరు చూస్తారు? మా గట్టు మీద రెండు వైపుల నుంచీ తీసుకుని, తమకి నచ్చినవాళ్ళకి వేసేవాళ్ళని చూశా. తీసుకుని ఒట్టు పెట్టాం కదా అని, ఇష్టం లేకపోయినా వాళ్ళకే గుద్ది వచ్చిన ముసలమ్మనీ చూశా. ఆ ముసలమ్మే మా అమ్మమ్మ. "ఉప్పు తిన్నాంరా" అంది.

లెనిన్ సెంటర్ పాతపుస్తకం

పార్టీకి చందా డబ్బాలు మోసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా. ఎర్రగుడ్డ చుట్టిన డబ్బా పట్టుకుని ఏలూరు రోడ్డు మీద షాపు షాపుకీ తిరిగాం. బీసెంట్ రోడ్డులో తోపుడు బండ్లవాళ్ళు కూడా చిల్లర వేసేవాళ్ళు. గౌరవంగా ఇచ్చారు, కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. ఓట్లు మాత్రం వెయ్యలేదు. "మీరు మంచోళ్ళు బాబూ, ధర్నాకి మీరు కావాలి, గెలవడానికి వాళ్ళు" అని మొహం మీదే అన్నాడు ఒక బట్టల షాపాయన. నాకు కోపం రాలేదు, నిజం చెప్పాడు.

కాబట్టి చందా ఇస్తే మనవాళ్ళైపోతారన్న బాబాయ్ గారి మాట నేను పూర్తిగా ఒప్పుకోను. అయినా డబ్బా మోస్తూనే ఉన్నాం. ఎందుకంటే ఆ తిరుగుడులోనే ఏ సందులో కుళాయి రావట్లేదో, ఎవరి పెన్షన్ ఆగిందో తెలిసేది. లక్షన్నర చేతికి వస్తే మీ ఐదుగురూ వచ్చే ఆదివారం ఆ వీధుల్లోకి వెళ్తారా? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి. మేమైతే వెళ్ళేవాళ్ళం కాదు.

కొత్తపేట కాఫీ (గుంటూరు)

ఇది నాకు తట్టలేదన్నా.

బందరు రోడ్డు బాబాయ్

బట్టల షాపాయన మాట నాకూ గుచ్చుకుంది. ఆలోచిస్తా.

సింగ్‌నగర్ సైకిల్

అందరికీ థ్యాంక్స్. నిన్న రాత్రి టీచరమ్మ ఇంట్లో కూర్చుని ఈ మాటలన్నీ చదివి వినిపించా. ఆడిటర్ గారి 2,000 సంగతి ఆవిడకి నచ్చింది. అప్పటికప్పుడు పాత డైరీ అట్ట మీద రాసి గుమ్మానికి అంటించారు. ఇరవైలకి పేరు అక్కర్లేదు, నంబరు వేస్తే చాలన్నారు. ఐదొందలు దాటితే పేరు. తొమ్మిది మందిలో ముగ్గురు అలిగారు గానీ టిఫిన్ తినే వెళ్ళారు. వచ్చే ఆదివారం ఆ రెండు వీధులే కాకుండా వెనక సందు కూడా తిరగమని టీచరమ్మ ఆర్డర్.

ఈ పొద్దున్నే కాంట్రాక్టర్‌కి ఫోన్ చేసి రూలు చెప్పాను. ఏమీ నొచ్చుకోలేదు. "భలే రూలు పెట్టారు" అని మెచ్చుకున్నాడు కూడా. పది గంటలకి అతని సూపర్‌వైజర్ ఒక లిస్టు పట్టుకొచ్చాడు. సైట్లలో పనిచేసే కూలీలు, మేస్త్రీల పేర్లు, ఫోన్ నంబర్లు. ఒక్కొక్కరి పేరు పక్కన 2,000. టీచరమ్మ కళ్ళజోడు పెట్టుకుని చివరి నంబరు చూశారు. 75.

"డెబ్భై ఐదు రెండువేలు ఎంతరా?" అన్నారు నాతో.

లిస్టు బల్ల మీదే ఉంది. అందులో నలుగురు మా వీధివాళ్ళే. వాళ్ళలో ఒకాయన పోయిన ఆదివారం నిజంగానే యాభై ఇచ్చి రసీదు తీసుకున్నాడు, నంబరు 31. ఇప్పుడు ఈ నలుగురి దగ్గరికీ వెళ్ళి "ఈ డబ్బు నీదేనా?" అని ఎలా అడగాలో ఎవరైనా చెప్పండి. అడిగినట్టు తెలిస్తే వాళ్ళ పని పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.