వాదించే పిల్లకు ఏ క్యాంపస్ మంచిది?

కడప ఏడురోడ్లు:

అందరికీ నమస్కారం. ఈ బృందంలో కొత్తగా చేరాను. కడప నుంచి కంపెనీ బదిలీ మీద న్యూజెర్సీ వచ్చి ఏడు నెలలయింది. మా అమ్మాయి పన్నెండో తరగతి పూర్తి చేస్తోంది. రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి ప్రభుత్వ విశ్వవిద్యాలయం, రెండోది చిన్న ప్రైవేటు కాలేజీ. మే 1లోపు ఏదో ఒకటి ఖాయం చేసుకోవాలి. స్కాలర్‌షిప్పు పోను ఖర్చు రెండు చోట్లా దగ్గరదగ్గరగానే ఉంది కనుక డబ్బు సంగతి అడగడం లేదు.

నా బెంగ వేరు. మా పిల్ల వాదించే రకం. దేవుడు, రిజర్వేషన్లు, రాజధాని, ఏ విషయం ఎత్తినా నాకు ఎదురే చెబుతుంది. పైగా పుస్తకం తెచ్చి పేజీ తీసి చూపిస్తుంది. ఇక్కడి కాలేజీల్లో అందరూ ఒకే మాట అనాలని, కాదంటే దగ్గరికి రానివ్వరని ఆఫీసులో ఒకాయన భయపెట్టారు. ఇంకొకాయన అదంతా టీవీల గోల అని కొట్టిపారేశారు. వాక్‌స్వేచ్ఛ ర్యాంకులని ఒక పట్టిక దొరికింది. అందులో విశ్వవిద్యాలయం మధ్యలో ఎక్కడో ఉంది, చిన్న కాలేజీ పేరే లేదు. ఒక కాలేజీ భిన్నాభిప్రాయాన్ని ఓర్చుకుంటుందో లేదో బయటివాళ్లం ఎలా తెలుసుకోవాలి?

అనంత గడియారస్తంభం:

అన్నా, పాప కంప్యూటర్లే కదా చదివేది? అయితే నిశ్చింతగా ఉండండి. నేను రెండేళ్లు చదివాను. నా ప్రోగ్రామును తప్ప నా అభిప్రాయాన్ని ఎవరూ అడగలేదు.

కడప ఏడురోడ్లు:

కాదు తమ్ముడూ, చరిత్ర, ఆర్థికశాస్త్రం అంటోంది. ఆ విషయం మీద ఇంట్లో జరిగిన యుద్ధం ఇక్కడ రాయను.

తుంగభద్ర ఒడ్డు:

నాది కర్నూలు. ఇక్కడ ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో పంతొమ్మిదేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మీరు చూసిన పట్టిక ఫైర్ అనే సంస్థది అయి ఉండాలి. వాక్‌స్వేచ్ఛ కోసం 1999లో మొదలైన సంస్థ, 2020 నుంచి ఈ ర్యాంకులు ఇస్తోంది. విద్యార్థులను అడిగిన సర్వే, కాలేజీ రాసుకున్న నిబంధనలు, గొడవ వచ్చినప్పుడు యాజమాన్యం ఎవరి పక్షాన నిలబడిందన్న లెక్క కలిపి మార్కులు వేస్తారు. 2023లో, 2024లో వచ్చిన జాబితాల్లో హార్వర్డ్ అట్టడుగున ఉంది. అందుకని హార్వర్డ్‌లో సీటు వస్తే మీరు వద్దంటారా? అనరు. జాబితాలో లేని కాలేజీ చెడ్డదని కూడా కాదు, దేశంలోని ప్రతి చిన్న కాలేజీకీ వెళ్లి సర్వే చేయలేరు. అదే సంస్థ నిబంధనలకు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దీపాల గుర్తులు ఇస్తుంది. ఆకుపచ్చ అంటే కాగితం మీది నిబంధనలు మాట్లాడే హక్కుకు పెద్దగా అడ్డు రావని మాత్రమే. పక్క కుర్చీలో పిల్ల మొహం తిప్పుకుంటుందా అన్నది ఆ దీపం వెలుగులో కనబడదు.

ప్రభుత్వ, ప్రైవేటు తేడా మాత్రం గట్టి తేడా. వాక్‌స్వేచ్ఛను కాపాడే అమెరికా రాజ్యాంగం మొదటి సవరణ కట్టడి చేసేది ప్రభుత్వాన్ని. ప్రభుత్వ విశ్వవిద్యాలయం ప్రభుత్వంలో భాగం కనుక, అభిప్రాయం నచ్చలేదని విద్యార్థిని శిక్షించడానికి వీల్లేదు. ప్రైవేటు కాలేజీకి ఆ కట్టడి నేరుగా వర్తించదు. తన విద్యార్థి నియమావళిలో ఏ మాట ఇచ్చిందో ఆ మాటకే అది బద్ధురాలు. కాలిఫోర్నియాలో మాత్రం 1992లో చేసిన ఒక చట్టం మతసంస్థలవి కాని ప్రైవేటు కాలేజీల విద్యార్థులకూ దాదాపు అదే రక్షణ ఇచ్చింది. మీ చిన్న కాలేజీ నియమావళి తెరిచి చూడండి. మర్యాద, నొప్పించడం, అసౌకర్యం లాంటి మాటలకు నిర్వచనం రాశారా, లేక గాలికి వదిలేశారా? వదిలేసిన చోట, శిక్ష వేసేవారు చెప్పిందే అర్థమవుతుంది.

భావప్రకటన మీద షికాగో విశ్వవిద్యాలయం 2015లో ఒక ప్రకటన విడుదల చేసింది. తర్వాత వందకు పైగా సంస్థలు దాన్నే కాస్త అటూ ఇటూగా మార్చి స్వీకరించాయి. ఉంటే మంచిదే. కానీ మన పెళ్లిపత్రికల్లో "మీ రాకయే మాకు కానుక" అని అచ్చు వేస్తాం కదా, చదివింపుల పుస్తకం పట్టుకుని ఒకాయన గుమ్మం దగ్గరే కూర్చుని ఉంటాడు. పేరుకన్నా జరిగింది చూడాలని కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయం కథ చెబుతుంది. విద్యార్థుల వాక్‌స్వేచ్ఛా ఉద్యమం 1964లో అక్కడి స్ప్రౌల్ ప్లాజాలో పుట్టింది. 2017 ఫిబ్రవరిలో ఆ ప్లాజా పక్కనే అల్లర్లు జరిగి ఒక వక్త సభ రద్దయింది.

ఇక ఇంట్లో కూర్చునే చేయగలిగిన పనులు. విద్యార్థుల పత్రిక పాత సంచికలు మూడు నాలుగేళ్లవి తిరగేయండి. ఏ వక్తను పిలిచినప్పుడు గొడవైంది, అప్పుడు కార్యాలయం సభ జరిపించిందా, హాలు మార్చిందా, భద్రత ఖర్చు అంటూ తాకట్టు పెట్టుకున్నా తీరనంత బిల్లు వేసిందా చూడండి. ఆ మరుసటి వారం ఎదుటి పక్షం ఉత్తరం పత్రికలో పడిందా అన్నది ఇంకా ముఖ్యం. తర్వాత డబ్బు. ప్రతి విద్యార్థి దగ్గరా కార్యకలాపాల రుసుము తీసుకుంటారు. ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఆ సొమ్మును సంఘాలకు పంచేటప్పుడు వారి అభిప్రాయాలు చూడకూడదని విస్కాన్సిన్ కేసులో సుప్రీంకోర్టు 2000లో చెప్పింది. పంపకాల జాబితా చాలాచోట్ల విద్యార్థి సంఘం వెబ్‌సైటులో దొరుకుతుంది. ఒకరికొకరు పడని సంఘాలు రెండూ అందులో ఉన్నాయా అని చూడండి. మా దగ్గర గర్భస్రావం విషయంలో ఎదురెదురు సంఘాలు ఒకే పూట పక్కపక్కనే బల్లలు వేసుకుని కరపత్రాలు పంచుతాయి. భోజనానికి వెళ్లేటప్పుడు ఒకరి సామాను ఇంకొకరికి అప్పజెప్పడం నా కళ్లతో చూశాను.

వీటన్నిటికన్నా తరగతి గదిలో ఒక పూట కూర్చోవడం మేలు. సీటు వచ్చిన పిల్లలు అడిగితే చాలా కాలేజీలు ఏర్పాటు చేస్తాయి. పండుగలా జరిపే సందర్శన దినం కాకుండా వారం మధ్యలో మామూలు రోజు అడగండి.

ఏం చూడాలో చెప్పడానికి నా కథ చెప్పాలి. కర్నూలులో డిగ్రీ చదివే రోజుల్లో మాస్టారు కరువు గురించి చెబుతూ, వాన లేకపోవడమే కారణం అన్నారు. నేను లేచి, "కె.సి. కాలువ నీళ్లు పారే ఊళ్లలోనూ అప్పులున్నాయి కదండీ" అన్నాను. సిలబస్‌లో లేనిది మాట్లాడవద్దని కూర్చోబెట్టారు. అది పెద్ద బాధ కాదు, ఇంటర్ నుంచి అలవాటే. మర్నాడు నా బెంచీ మీద ఎవరూ కూర్చోలేదు. మాస్టారి కోపం తమకూ అంటుకుంటుందని. నెల రోజులు ఒక్కదాన్నే కూర్చున్నాను. అదే కాలేజీలో ఇంకో మాస్టారు ఉండేవారు. తాను చెప్పింది తప్పని ఎవరైనా అంటే సుద్దముక్క వాళ్ల చేతికిచ్చి, నిజంగానే వచ్చి బెంచీ మీద కూర్చునేవారు. చెప్పింది తేలిపోతే నవ్వేవారు కాదు, ఇంకో ప్రశ్న వేసేవారు.

అమెరికాలో రెండు రకాలూ ఉన్నారు. మొదటి రకం ఇక్కడ కోప్పడరు. "చాలా ఆసక్తికరమైన ఆలోచన" అని చిరునవ్వుతో పక్కకు జరిపేసి ముందుకు పోతారు. కొత్తవాళ్లం అది మెచ్చుకోలనుకుంటాం. నాకే రెండేళ్లు పట్టింది. కాబట్టి ప్రొఫెసర్ మొహం కాదు, తర్వాతి ప్రశ్న చూడండి. తరగతి అయ్యాక కారిడార్‌లో నిలబడండి. అందరికీ నచ్చని మాట అన్న పిల్ల ఒంటరిగా నడిచి వెళ్తోందా, వాదిస్తూ పక్కన ఎవరైనా నడుస్తున్నారా?

వేరుశనగ చేను:

అక్కా, మీరు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను. కానీ మీరంతా తెల్లవాళ్ల క్యాంపస్‌నే కొలుస్తున్నారు. మాది అనంతపురం దగ్గర పల్లె. నేను చదివిన క్యాంపస్ విశాలమైనదే. ఇరుకైనది మన తెలుగు గుంపు.

కాలిఫోర్నియా స్టేట్ విశ్వవిద్యాలయాలు 2022లో తమ వివక్ష నిరోధక విధానంలో కులాన్ని కూడా చేర్చాయి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ చేసిన అలాంటి బిల్లును గవర్నరు అక్టోబరులో తిప్పి పంపారు. ఈ మూడింటి మీదా ఇక్కడి భారతీయులు రెండుగా చీలి వాదించుకున్నారు. చీలడంలో తప్పు లేదు. నేను మా తెలుగు విద్యార్థుల వాట్సాప్ బృందంలో సియాటిల్ చేసింది సరైనదేనని రెండు వాక్యాలు రాశాను. ఎవరూ జవాబివ్వలేదు. తిట్టినా బాగుండేది. ఆ వారం నుంచి కూరగాయలకు కారులో తీసుకెళ్లేవాళ్లు నాకు చెప్పకుండా వెళ్లడం మొదలుపెట్టారు. సంక్రాంతి భోజనాలు అయిపోయాక ఫొటోల్లో చూశాను. నాతో తరగతిలో గట్టిగా తగువు పెట్టుకున్న ఒహాయో అబ్బాయి మాత్రం నాకు జ్వరం వస్తే నోట్సు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లాడు.

అన్నగారూ, క్యాంపస్ చూడటానికి వెళ్లినప్పుడు అక్కడి తెలుగు పిల్లలను కూడా కలవండి. బృందంలో చివరిసారి ఏ విషయం మీద వాదించుకున్నారని అడగండి. "మేమంతా ఒక్కటే, గొడవలుండవు" అంటే నేనైతే అనుమానిస్తాను.

ఇంకొకటి. మీ ఆఫీసాయన వెలి అని భయపెట్టారు కనుక చెబుతున్నాను. మా అనంతపురంలో 1952 ఎన్నికల్లో కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డి కాంగ్రెస్ నీలం సంజీవరెడ్డిని ఓడించారు. ఇద్దరూ బావా బావమరుదులు. ఒకే ఇంటి భోజనాల బల్ల దగ్గర ఆ ఏడాది ఏం మాట్లాడుకుని ఉంటారా అని నాకు ఎప్పుడూ కుతూహలం.

అనంత గడియారస్తంభం:

అక్క చెప్పినదానికి వీసా సంగతి కలుపుతాను. కంపెనీ బదిలీ మీద వచ్చారంటే పాపది ఎల్-2, అంటే బదిలీ మీద వచ్చినవారి కుటుంబానికి ఇచ్చే వీసా అయి ఉంటుంది. దాని మీద చదువుకోవచ్చు, కానీ 21 ఏళ్లు నిండితే చెల్లదు. ఆలోపే విద్యార్థి వీసా ఎఫ్-1కు మారాలి. ఎఫ్, ఎం, జె వీసాలకు దరఖాస్తు చేసేవారిని సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనిపించేలా ఉంచమని 2025 జూన్ నుంచి అడుగుతున్నారు. కాలేజీ ఎంత విశాలమైనదైనా కాన్సులేట్ కిటికీ దానిది కాదు. తరగతిలో ఎంతైనా వాదించమనండి. ఫోనులో రాసేముందు మాత్రం ఒక రాత్రి ఆగమనండి. ఏదైనా నిరసనకు వెళ్లాలనుకుంటే ముందు కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడగడం మంచిది. ఆ కార్యాలయం ఈమెయిల్‌కు ఎన్ని రోజుల్లో జవాబిస్తుందో ఇప్పుడే ఒకటి రాసి చూడండి. అది కూడా క్యాంపస్ గురించి చాలా చెబుతుంది.

తుంగభద్ర ఒడ్డు:

వేరుశనగ చేను గారూ, తెలుగు గుంపు సంగతి నేను రాయకుండా దాటేశాను. తెలియక కాదు.

కడప ఏడురోడ్లు:

అందరికీ కృతజ్ఞతలు. సెలవు పెట్టి రెండు చోట్లకూ వెళ్లివచ్చాం.

విశ్వవిద్యాలయంలో తరగతి రెండు వందల మందిది. ఎవరూ నోరు తెరవలేదు, సగం మంది ల్యాప్‌టాపులో బూట్లు కొంటున్నారు. బయట ఆవరణలో మాత్రం అమ్మగారు చెప్పినట్టే బల్లలు ఉన్నాయి. ఒక బల్ల దగ్గర దేవుడున్నాడు, పక్క బల్ల దగ్గర లేడు. మా అమ్మాయి రెండింటి దగ్గరా ఇరవై నిమిషాలు తగువు పెట్టుకుంది. తెలుగు పిల్లలు నలుగురు కలిశారు. చివరి వాదన దేని మీద అని అడిగితే ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, బిర్యానీకి ఎవరెంత ఇవ్వాలన్న దాని మీద అన్నారు.

చిన్న కాలేజీలో తరగతి పద్నాలుగు మందిది. కనీస వేతనం మీద చర్చ. ఒక అబ్బాయి అది పెంచకూడదన్నాడు, మిగతా అందరూ అతని మీద పడ్డారు. ప్రొఫెసరమ్మ అందరినీ ఆపి, "ఇతని వాదాన్ని ఇతనికన్నా బాగా ఎవరు చెప్పగలరు?" అని అడిగారు. చూడటానికి వచ్చిన మా పిల్ల చెయ్యి ఎత్తింది. తను ఆ వాదానికి పూర్తిగా వ్యతిరేకం, ఇంట్లో నాతో రెండు గంటలు పోట్లాడింది కూడా. ఆ వాదాన్నే నాకన్నా బాగా చెప్పింది. అయ్యాక కారిడార్‌లో నిలబడ్డాను. ఆ అబ్బాయి, ఇంకో ఇద్దరు వాదించుకుంటూనే మెట్లు దిగారు.

నాకు మనసు అక్కడే ఖాయమైపోయింది. కారు ఎక్కగానే అదే అన్నాను. మా అమ్మాయి విశ్వవిద్యాలయమే కావాలంటోంది. పద్నాలుగు మందిలో ఒకరితో చెడితే నాలుగేళ్లూ అదే మొహం చూడాలట, రెండు వందల మందిలో అయితే బల్ల మార్చుకోవచ్చట. చిన్న కాలేజీ నియమావళిలో "అసౌకర్యం" అన్న మాట పదకొండు చోట్ల ఉందని, ఒక్కచోటా నిర్వచనం లేదని లెక్కపెట్టి చూపించింది కూడా. దారి పొడవునా వాదన. ఇల్లు చేరేసరికి రాత్రి పది.

మే 1కి ఇంకా తొమ్మిది రోజులుంది.