ఎన్ఎల్‌డీ (నేషనల్ లీగ్ ఫర్ డెమోక్రసీ) అంటే పార్టీయా, ఆంగ్ సాన్ సూచీయా? బర్మా సంగతులు తెలిసినోళ్ళు కాస్త చెప్పండి

బర్మాక్యాంపు_మనవడు

మాది వైజాగ్, కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు. అక్కడి మిలటరీ పాలకుడు నె విన్ షాపులన్నీ గవర్నమెంటు పరం చేసేసినప్పుడు 1964లో అన్నీ వదిలేసి ఓడెక్కి వచ్చేసిన బాపతు అన్నమాట మా అమ్మమ్మ వాళ్ళు. ఇప్పటికీ ఇంట్లో రంగూన్ అనరు, రంగం అంటారు. మా తాతయ్య తమ్ముడు మాత్రం రానన్నాడంట, అక్కడే ఉండిపోయాడు, ఆయన పిల్లలతో ఎప్పుడైనా ఫోన్లో మాట్లాడతాం.

విషయం ఏంటంటే 2025 డిసెంబర్ 28న అక్కడ మిలటరీ వాళ్ళు విడతలవారీ ఎన్నికలు మొదలెట్టారు కదా, ఆ వార్త టీవీలో వస్తుంటే అమ్మమ్మ "నెమలి జెండా వాళ్ళు కనపడట్లేదేంట్రా" అంది. వాళ్ళ ఎన్ఎల్‌డీ పార్టీని 2023లోనే రద్దు చేసేశారమ్మమ్మా అన్నా. "బోజోక్ కూతురు పార్టీని రద్దు చెయ్యడానికి ఈళ్ళెవరు" అని టీవీ మీద ఇంతెత్తున లేచింది. బోజోక్ అంటే ఆంగ్ సాన్, బర్మా స్వాతంత్ర్య నాయకుడు, సూచీ నాన్న, ఆయన ఫొటో చిన్నప్పుడు వాళ్ళ బడిలో ఉండేదంట.

సరే కదా అని నేను కూర్చుని చదవడం మొదలెట్టా, చదివేకొద్దీ కన్ఫ్యూజన్. ఒక చోట ఇది గాంధీ మార్గం పార్టీ అంటారు, ఇంకో చోట పెట్టినోళ్ళలో మాజీ మిలటరీ ఆఫీసర్లే పెద్ద తలకాయలు అంటారు. ఇంతకీ ప్రజాస్వామ్యం కావాలి అనే మాట తప్ప వీళ్ళకి వేరే పాలసీ ఏమన్నా ఉందా? రైతులకి ఏం చేస్తాం, జాతులకి ఏం ఇస్తాం, ఇలాంటివి? లేక సూచీ బొమ్మ పెట్టుకుని ఓట్లడగడమేనా? తిట్టుకోకుండా చెప్పండి.

సూటిగా_సుబ్బు

పార్టీ లేదు గీర్టీ లేదు బ్రో. ఒక్క మనిషి, ఒక ఇంటిపేరు. మనకి తెలీని మోడలా ఇది?

రేవు_మాస్టారు

సుబ్బు గారూ, అంత తేలిగ్గా కొట్టిపారేస్తే ఎలాగండి.

బాబూ, నువ్వు చదివిన రెండూ నిజమే. 1988 ఆగస్టులో అక్కడ దేశం మొత్తం రోడ్డెక్కింది, 8-8-88 అని ఇప్పటికీ చెప్పుకుంటారు. సెప్టెంబర్ 18న మిలటరీ మళ్ళీ కుర్చీ లాక్కుంది. సరిగ్గా తొమ్మిది రోజులకి, సెప్టెంబర్ 27న, ఈ పార్టీ పుట్టింది. అంటే తుపాకుల మధ్య పుట్టిన బిడ్డ, మామూలు రోజుల్లో తీరిగ్గా కూర్చుని మేనిఫెస్టో రాసుకుని పెట్టుకున్నది కాదు. అది గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

అందులో చేరినవాళ్ళు మూడు రకాలు. ఒకటి మాజీ సైనికాధికారులు. ఆంగ్ జీ అని నె విన్ పాత సహచరుడు మొదటి చైర్మన్, తిన్ ఊ అని ఒకప్పటి సర్వసైన్యాధిపతి, 1976లో పదవి ఊడి తర్వాత జైలుకెళ్ళినాయన, వైస్ చైర్మన్. రెండోది పత్రికలవాళ్ళు, లాయర్లు, రచయితలు, వీళ్ళకి పెద్దదిక్కు విన్ తిన్ అనే జర్నలిస్టు. మూడోది కుర్రకారు. సూచీ గారు జనరల్ సెక్రటరీ. మూడు నెలలు తిరక్కుండానే ఆంగ్ జీ గారు పార్టీలో కమ్యూనిస్టులు దూరారని గొడవపెట్టుకుని బయటికెళ్ళిపోయారు, తిన్ ఊ చైర్మన్ అయ్యారు.

నన్నడిగితే ఆ పార్టీ గుట్టంతా ఇక్కడే ఉంది. ఆ సైన్యాన్ని పెట్టిందే సూచీ గారి నాన్న. 1988 ఆగస్టు 26న ష్వేడగాన్ పగోడా దగ్గర లక్షల మంది ముందు మాట్లాడినప్పుడు కూడా ఆవిడ సైన్యం నాకు పరాయిది కాదు, చిన్నప్పుడు నన్ను సిపాయిలే చూసుకున్నారు అన్న ధోరణిలోనే చెప్పింది. అంటే వాళ్ళ వాదన సైన్యాన్ని రద్దు చెయ్యమని కాదు, బారక్‌లకి పొమ్మని. మా నాన్న పెట్టిన సైన్యాన్ని మీరు పాడుచేశారు అని. ఇది తెలివైన మాటే, కానీ ముప్పై ఏళ్ళ తర్వాత ఈ మాటే వాళ్ళ మెడకి చుట్టుకుంది, అది తర్వాత చెప్తా.

ఇక పాలసీ. అయిదుగురు ఒకచోట చేరితే నేరం అని ఆర్డరు ఉన్న రోజుల్లో (2/88 అని దానికి నంబరు కూడా ఉంది) రైతు విధానం మీద చర్చలు పెట్టగలరా? 1989 జూలై 20న సూచీని ఇంట్లో పెట్టి తాళం వేశారు, తిన్ ఊనీ నిర్బంధించారు, విన్ తిన్‌ని అంతకుముందే జైల్లో వేశారు. ఆయన 19 ఏళ్ళు లోపలే ఉన్నాడు. బయటికొచ్చాక కూడా రాజకీయ ఖైదీలందరూ విడుదలయ్యేదాకా జైలు రంగు నీలం చొక్కా విడవనని అలాగే తిరిగాడు, 2014లో పోయేవరకూ. ఇలాంటి మనుషులున్నదాన్ని ఒక్క ఇంటిపేరు అనేస్తే నాకు మనసొప్పదు.

పైవాళ్ళంతా లోపల ఉంటే 1990 మే 27న ఎన్నికలు. బ్యాలెట్ మీద వీళ్ళ గుర్తు ఖమౌక్, పొలంలో పెట్టుకునే వెదురు టోపీ. 485 సీట్లలో 392 ఊడ్చేశారు. మిలటరీ మనుషుల పార్టీకి 10. చిత్రం చూడండి, ఆ పది సీట్ల పార్టీకి ఓట్లు 21 శాతం దాకా వచ్చాయి, వీళ్ళకి 59 దాకా. మన దగ్గరలాగే ఎక్కువ ఓట్లొచ్చినవాడిదే సీటు కాబట్టి అలా అయింది. మిలటరీ ఏమంది? మీరు గెలిచింది రాజ్యాంగం రాయడానికి, రాజ్యం చెయ్యడానికి కాదు అంది. గెలిచినవాళ్ళు జూలై నెలాఖర్లో రంగూన్‌లోని గాంధీ హాల్లో కూర్చుని సెప్టెంబర్ లోగా పార్లమెంటు పిలవండి అని తీర్మానం చేశారు. ఎవరు పిలుస్తారు!

అక్కణ్ణించి ఇరవై ఏళ్ళు ఆ పార్టీకున్న పాలసీ, మేనిఫెస్టో, మంత్రం అన్నీ ఒకటే, 1990 ఫలితాన్ని ఒప్పుకోండి. అంతే.

బర్మాక్యాంపు_మనవడు

మాస్టారూ దండాలు. గాంధీ హాల్ అనగానే అమ్మమ్మ అది ఏ వీధిలో ఉందో కూడా చెప్పేసింది, పెళ్ళికి ముందు అక్కడ ఏదో మీటింగుకి వాళ్ళ నాన్నతో వెళ్ళిందంట.

ఒక డౌటు. మరి 2010 ఎన్నికల్లో ఎందుకు నిలబడలేదు? ఆ టైంకి నిలబడుంటే కాస్త లోపలికెళ్ళి ఏదన్నా చేసేవాళ్ళేమో కదా.

రేవు_మాస్టారు

అప్పట్లో వాళ్ళలో వాళ్ళే కొట్టుకున్నారు దానిమీద. 2010 మార్చిలో పార్టీల రిజిస్ట్రేషన్‌కి కొత్త చట్టం తెచ్చారు, శిక్షపడినవాళ్ళు సభ్యులుగా ఉంటే పార్టీ చెల్లదని. అర్థం ఏంటి, బతకాలంటే సూచీని మీ చేత్తో మీరే గెంటెయ్యండి అని. వీళ్ళు రిజిస్టర్ చేసుకోం పొండి అన్నారు. కాగితం మీద పార్టీ పోయింది. కొందరు ఇలా ఇంట్లో కూర్చుంటే ఎలా అని విడిపోయి ఎన్‌డీఎఫ్ (నేషనల్ డెమోక్రటిక్ ఫోర్స్) అని వేరే పార్టీ పెట్టుకుని, అదే వెదురు టోపీ గుర్తుతో నిలబడ్డారు. టోపీ మాదంటే మాదని అదో పంచాయితీ. మీకు నవ్వొస్తుందేమో గానీ, అన్నేళ్ళు బోర్డు పీకేసి, ఆఫీసులకి తాళాలేసి, జనాన్ని జైల్లో పెడితే ఆ పార్టీకి మిగిలిన ఆస్తి ఏంటండీ? ఒక టోపీ, ఒక నెమలి, ముతక నేత జాకెట్టు. ఆ జాకెట్టుని పిన్నీ అంటారు, మన ఖద్దరు లాంటిదే, తెల్లోళ్ళ కాలంనించీ స్వదేశీకి గుర్తు. పోట్లాడే నెమలి కూడా వీళ్ళు కనిపెట్టింది కాదు, 1930ల నాటి విద్యార్థుల జెండా మీదది. అంటే మేమే అసలు వారసులం, మీరు దొంగలు అని మాట్లాడకుండా చెప్పడం అన్నమాట. మాట్లాడితే జైలు కదా మరి.

తర్వాత చట్టం మార్చారు, వీళ్ళు మళ్ళీ రిజిస్టరై 2012 ఏప్రిల్ ఒకటిన ఉప ఎన్నికల్లో 44 చోట్ల నిలబడి 43 గెలిచారు. అదే ఏడాది నవంబర్‌లో సూచీ మన దేశం వచ్చినప్పుడు అనంతపురం జిల్లాలో ఒక పల్లెకి కూడా వెళ్ళి ఆడవాళ్ళ పొదుపు సంఘాలు చూసొచ్చింది, చాలామందికి గుర్తులేదు. ఇంకో ముక్క, మీ అమ్మమ్మ గారు ఓడెక్కిన 1964లోనే ఆవిడ ఢిల్లీ కాలేజీలో డిగ్రీ పూర్తిచేసింది. వాళ్ళమ్మ ఇక్కడ రాయబారిగా ఉండేది.

ఓరుగల్లు_పిల్ల

మాస్టారు మంచిగ చెప్పిన్రు కానీ సగం కథనే చెప్పిన్రు, మిగిలిన సగం నేను చెప్త, ఏమనుకోవద్దు.

మిలటరీ కింద ఉన్నన్ని రోజులు ఒక్క డిమాండ్‌తోని నడిచిన పార్టీకి, గద్దెనెక్కినంక ఏం జేయాల్నో తెల్వలే. 2015ల "మార్పుకు టైమొచ్చింది" అన్న నినాదంతోని కొట్లాడి దుమ్ములేపిన్రు, ఎన్నికైన సీట్లల్ల 390. మరి ఆ ఎన్నికల ఒక్క ముస్లిం అభ్యర్థికి కూడ టికెట్ ఇయ్యలే. ఒక్కలంటే ఒక్కలకి. 88 ఉద్యమంల జైళ్ళల్ల మగ్గిన విద్యార్థి నాయకులు టికెట్ అడిగితే కో కో జీ లాంటోళ్ళను కూడ పక్కకు వెట్టిన్రు. గిది పార్టీలోపలి ప్రజాస్వామ్యమా? సుబ్బు అన్నది గీడ జెర కరెక్టే.

రాజ్యాంగం సంగతి చూడున్రి. 2008 రాజ్యాంగంల పావు వంతు సీట్లు మిలటరోళ్ళకి రిజర్వు. సవరించాల్నంటే 75 శాతం కంటె ఎక్కువ ఓట్లు గావాలె. లెక్క అర్థమైందా, ఆళ్ళు చెయ్యి లేపకుంటె ఒక్క ముక్క మారది. పిల్లలకు పరాయి దేశం పాస్‌పోర్ట్ ఉంటె ప్రెసిడెంట్ గావద్దని ఇంకో క్లాజు, అది సూచీ కోసమే కుట్టిన అంగీ. దాన్ని దాటేశి స్టేట్ కౌన్సెలర్ అని, ప్రధాని లాంటి కొత్త కుర్చీ చేసిన్రు. ఆ ఉపాయం వెనక ఉన్నది కో నీ అనే ముస్లిం లాయర్, పార్టీకి సలహాదారు. 2017 జనవరి 29 నాడు రంగూన్ ఎయిర్‌పోర్టు బయట మనుమణ్ణి ఎత్తుకోని నిలబడ్డ మనిషిని తలకాయల కాల్చి సంపిన్రు. ఆ ముచ్చట సదివిన రోజు నాకు అన్నం సయించలే.

అదే యాడాది ఆగస్టుల రోహింగ్యాల మీద సైన్యం వడ్డది, ఏడు లక్షల మంది బంగ్లాదేశ్‌కు ఉరికిన్రు. 2019 డిసెంబర్ల హేగ్ల ఉన్న అంతర్జాతీయ కోర్టుల నిలబడి సైన్యం తరఫున వాదించింది ఎవలు? సూచీనే. మాస్టారూ, మీరు తర్వాత చెప్త అని ఆపిన మెడకు చుట్టుకున్నది ఇదే గదా? నాయన సైన్యం, నా సైన్యం అనుకుంట అనుకుంట ఆఖరికి ఆడికొచ్చింది.

షాన్, కచిన్, కరెన్ జాతులోళ్ళకు ఫెడరల్ అని మేనిఫెస్టోల రాసిన్రు, నిజమే. కానీ 1947 పాంగ్లాంగ్ ఒప్పందంల మీ ప్రాంతాలను మీరే ఏలుకోండ్రి అని జాతులోళ్ళకు మాట ఇచ్చింది కూడ ఆమె నాయననే, గది గూడ బాకీనే ఉన్నది.

రేవు_మాస్టారు

అమ్మాయ్, నువ్వు చెప్పిన దాంట్లో ఒక్కటి కూడా కాదనను. మెడకి చుట్టుకుందన్నది ఆ హేగ్ సంగతే. ఒక్కటి మాత్రం కలుపుతా, 2020 మార్చిలో వీళ్ళు సైన్యం సీట్లు విడతలవారీగా 15, 10, 5 శాతానికి తగ్గిద్దాం అని సవరణ పెట్టారు. ఓడిపోయింది, నువ్వు చెప్పిన లెక్క ప్రకారమే. అంటే పూర్తిగా లొంగిపోయిన పార్టీ అనీ అనలేం. ఆ నవంబర్‌లో మళ్ళీ 476కి 396 గెలిచారు. పార్లమెంటు కూర్చోవాల్సిన రోజున, 2021 ఫిబ్రవరి ఒకటిన, తెల్లారేసరికి సైన్యాధిపతి మిన్ ఆంగ్ లైంగ్ అందర్నీ లోపలేశాడు.

సూటిగా_సుబ్బు

ఓకే ఓకే, నా మొదటి కామెంట్ కొంచెం వెనక్కి తీసుకుంటా. సగం.

కానీ ఇప్పుడు ఉన్నదేంటి మరి? లీడర్‌ని 2021లో లోపలేసి 33 ఏళ్ళు వేసి, 2023లో 27కి తగ్గించి ఉపకారం చేశామన్నారు. పార్టీని 2023 మార్చి 28న రద్దు చేశారు, 60 రోజుల్లో మళ్ళీ రిజిస్టర్ చేసుకోలేదని, దాంతోపాటు మొత్తం 40 పార్టీలు. తిన్ ఊ 2024లో పోయాడు. ఇంక ఎన్ఎల్‌డీ అని దేన్ని అనాలి?

ఓరుగల్లు_పిల్ల

2010ల లెక్కనే ఈసారి గూడ రిజిస్టర్ చేసుకోం అన్నరు, గది మాత్రం ఒప్పుకోవాలె. కాకపోతే కింద పోరగాళ్ళు పార్టీ కోసం ఆగలే. ఎన్నికైన ఎంపీలు, జాతులోళ్ళు కలిసి 2021 ఏప్రిల్ల ఎన్‌యూజీ (నేషనల్ యూనిటీ గవర్నమెంట్) అని వేరే ప్రభుత్వం వెట్టిన్రు, మే నెలల తుపాకులు వట్టే దళం గూడ వెట్టిన్రు. అహింస పార్టీ కదా అనేటోళ్ళకు గదే జవాబు. ఫ్యో జేయా థా అని హిప్ హాప్ పాటగాడు, ఎన్ఎల్‌డీ ఎంపీ అయిండు, 2022 జూలైల ఉరి తీసిన్రు. వెదురు టోపీ పార్టీల ర్యాపర్ ఎంపీ, ఆలోచించున్రి. ఇంకోటి, రోహింగ్యాల విషయంల ఎన్‌యూజీ 2021ల, ఆళ్ళకు పౌరసత్వం లేకుండ చేసిన 1982 పౌరసత్వ చట్టాన్ని తీసేస్తం అని కాగితం మీద రాసిచ్చింది. సూచీ బయట ఉండి ఉంటె ఆ కాగితం వచ్చేదా అని నాకైతే డౌటే.

బర్మాక్యాంపు_మనవడు

1982 చట్టం పేరెత్తారు కదా, ఆ చట్టం వల్లే మా చిన తాతయ్య పిల్లలకి ఇప్పటికీ పూర్తి పౌరసత్వ కార్డు లేదు. 2015లో వాళ్ళు ఎన్ఎల్‌డీ జెండా పట్టుకుని తిరిగారు, కార్డు వస్తుందని. రాలేదు. 2020లో మళ్ళీ ఓటేశారా అంటే ఫోన్లో నవ్వేసి ఇంకెవరికేస్తాం అన్నాడు మా మావయ్య.

ఇదంతా అమ్మమ్మకి చదివి వినిపించా. హేగ్ దగ్గర ఆపమంది. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఆ టోపీ సంగతి మళ్ళీ చదవమని అడిగింది, ఖమౌక్ అనే మాట నేను తప్పు పలుకుతున్నానంట, నాలుగుసార్లు పలికించింది.