అంగిలి వైపు ఇరుక్కున్న కోరపన్ను: ఓపెన్ ఎక్స్‌పోజరా, క్లోజ్డా?

ఆర్థో పీజీ (పళ్ల వరస సరిచేసే విభాగం విద్యార్థి):
అందరికీ నమస్కారం. కేసు ఇది: 15 ఏళ్ల అమ్మాయి, పైదవడలో ఎడమ కెనైన్ (కోరపన్ను) ఎముకలోనే ఉండిపోయింది. పాలపన్ను ఇంకా గట్టిగానే ఉంది. సీబీసీటీలో (3డీ ఎక్స్‌రే స్కాన్) కెనైన్ క్రౌన్ (వేరు కాని పై భాగం) అంగిలి వైపు, లేటరల్ ఇన్‌సైజర్ (కెనైన్‌కు ముందుండే పన్ను) వేరుకు ఆనుకుని, ఆ వేరు మధ్యగీత దాటి ముందుకు వచ్చేసింది. లేటరల్ వేరు కొస కాస్త అరిగింది కూడా. పాలపన్ను తీసేసి ఆగితే దానంతట అది దిగుతుందా? సర్జరీ తప్పదంటే ఓపెన్ పద్ధతి (కిటికీలా కోసి క్రౌన్‌ను బయటికి కనపడేలా ఉంచడం) మేలా, క్లోజ్డ్‌లో ఫ్లాప్ (లేపిన చిగురు పొర) మూసేసి చైన్‌తో లాగడం మేలా? కార్టికాటమీ (ఎముక పైపొరకు కోతలు పెట్టడం) కూడా చేస్తే త్వరగా వస్తుందని ఒకరు అన్నారు, అది నిజమేనా?

ఆర్థోడాంటిస్ట్:
పాలపన్ను తీసి ఎదురుచూసే వయసు దాటిపోయిందండీ. 1988లో ఎరిక్సన్, కురోల్ చేసిన అధ్యయనం 10 నుంచి 13 ఏళ్ల పిల్లల మీద. అందులో కూడా క్రౌన్ లేటరల్ వేరు మధ్యగీతకు వెనుక ఉన్నప్పుడు 91 శాతం దారిలోకి వస్తే, గీత దాటినవి 64 శాతమే వచ్చాయి. మీ కేసులో వయసూ దాటింది, గీతా దాటింది. పైగా వేరు అరుగుతోంది కాబట్టి ఆగడం మంచిది కాదు.

సర్జన్ దగ్గరికి పంపేముందు మీ వైపు పని పూర్తవ్వాలి. కెనైన్ వెడల్పు సుమారు 8 మి.మీ. అనుకుంటే 9 దాకా చోటు తెరవండి, ఓపెన్ కాయిల్‌తో (పళ్ల మధ్య పెట్టే స్ప్రింగు) ఆ చోటు నిలబెట్టండి. 22 స్లాట్‌లో (బ్రాకెట్ గాడి) 19×25 స్టీల్ వైర్ (కొలతలు అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఎక్కాకే లాగడం మొదలుపెట్టాలి. సన్నని నైటై (నికెల్-టైటానియం) వైర్‌కు చైన్ కడితే కెనైన్ కదలదు, పక్క పళ్లే పైకి లేచి ఆ వైపు ఓపెన్ బైట్ (పై పళ్లు, కింది పళ్లు కలవకపోవడం) వస్తుంది. లేటరల్‌కు ఇప్పుడే బ్రాకెట్ పెట్టి వేరును కదిలించకండి. కెనైన్ క్రౌన్ పక్కకు తప్పుకునేదాకా దాన్ని వదిలేయడమే క్షేమం.

ఓపెనా క్లోజ్డా అన్న దానికంటే ముందు తేలాల్సింది లాగే దిశ. అంగిలి వైపు కెనైన్ల విషయంలో ఏదో ఒక పద్ధతి మెరుగని చెప్పే ఆధారం 2017 కాక్రేన్ సమీక్షలో కూడా దొరకలేదు. దిశ తప్పితే మాత్రం లేటరల్ వేరు పోతుంది. ఇక్కడ కెనైన్‌ను తిన్నగా ఆర్చ్ వైర్ వైపు లాగితే క్రౌన్ వెళ్లి వేరును రాసుకుంటుంది. మొదట అంగిలి వైపుకీ వెనక్కీ లాగి వేరు నుంచి విడదీయాలి, తర్వాతే బుక్కల్ (చెంప) వైపు తిప్పాలి. మొదటి దశకు అంగిలిలో రెండో ప్రీమోలార్‌కూ మొదటి మోలార్‌కూ మధ్య మినీస్క్రూ పెట్టుకుంటే యాంకరేజ్ (లాగడానికి కదలని ఆధారం) గొడవ ఉండదు. స్క్రూ వద్దనుకుంటే ట్రాన్స్‌పాలటల్ ఆర్చ్‌కు (రెండు వైపుల మోలార్లను అంగిలి మీదుగా కలిపే తీగ) హుక్ సోల్డర్ చేయించండి. బలం 60 గ్రాములు దాటనివ్వకండి, గేజ్‌తో కొలవండి.

ఓరల్ సర్జన్:
పై మాటకు నా వైపు నుంచి ఒకటి కలుపుతాను. క్లోజ్డ్ చేస్తే చైన్ ఎక్కడి నుంచి బయటికి రావాలో రిఫరల్ చీటీలోనే బాణం గీసి పంపండి. ఏమీ రాయకపోతే అలవాటుగా రిడ్జ్ (పళ్లు వరసగా ఉండే దవడ గట్టు) మీద నుంచి తీస్తారు. ఈ అమ్మాయికి అలా తీస్తే కెనైన్ సరిగ్గా లేటరల్ వేరు మీదికే వస్తుంది. క్రౌన్‌కు ఎదురుగా ఫ్లాప్‌లోనే చిన్న రంధ్రం చేసి చైన్ బయటికి తీయాలి.

ఫ్లాప్‌ను చిగురు అంచుల వెంట ఆ వైపు మొదటి మోలార్ నుంచి మధ్యగీత దాకా, అవసరమైతే అవతలి లేటరల్ దాకా లేపుతాం. అంగిలిలో నిలువు రిలీవింగ్ కోత (ఫ్లాప్ వదులయ్యేందుకు పెట్టేది) పెట్టం, గ్రేటర్ పాలటైన్ ధమని అక్కడే ఉంటుంది. క్రౌన్ మీది ఎముక చాలాసార్లు కాగితంలా పల్చగా ఉంటుంది, క్యూరెట్‌కే లేచిపోతుంది. మందంగా ఉంటే సెలైన్ పోస్తూ రౌండ్ బర్ వాడాలి. బాండ్ చేయడానికీ, క్రౌన్ బయటికి రావడానికీ సరిపడా తీస్తే చాలు. సీఈజే (క్రౌన్, వేరు కలిసే గీత) కనపడేదాకా తవ్వొద్దు. ఫాలికిల్ (క్రౌన్ చుట్టూ ఉండే పొర) మొత్తం గీకేయొద్దు. ఎలివేటర్ పెట్టి పన్ను కదిలిందో లేదో పరీక్షించే పని అసలే వద్దు. అటాచ్‌మెంట్ (పంటికి చిగురు పట్టు) దిగిపోవడం, వేరు అరగడం, యాంకైలోసిస్ (వేరు ఎముకకు అతుక్కుపోవడం), వీటికి ఈ మూడు పనులే దారి తీస్తాయి.

బాండ్ ఊడిపోవడానికి మామూలు కారణం తడి. అడ్రినలిన్‌లో తడిపిన గాజ్ గుడ్డ రెండు మూడు నిమిషాలు నొక్కి ఉంచి, సన్నని సక్షన్ కొస క్రౌన్ అంచునే పెట్టాలి. 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ 30 సెకన్లు, కడగడం, ఆరబెట్టడం, చాక్‌లా తెల్లగా కనపడ్డాకే ప్రైమర్. క్యూర్ అయ్యాక చైన్ పట్టుకుని గట్టిగా ఒకసారి లాగి చూస్తాను. ఊడితే అప్పుడే ఊడాలి, కుట్లు వేశాక కాదు. మూశాక ఫ్లాప్ కింద రక్తం చేరకుండా కాసేపు వేలితో నొక్కి పట్టాలి. ట్రాక్షన్‌ను వారం, రెండు వారాల్లో మొదలుపెట్టవచ్చు.

పెరియో (చిగుళ్ల నిపుణురాలు):
క్రౌన్ మరీ లోతుగా లేకపోతే ఈ కేసుకు ఓపెన్ కూడా బాగానే నప్పుతుంది. అంగిలి అంతా కెరటినైజ్డ్ (గట్టిపడిన) కణజాలమే కాబట్టి కిటికీ కోసినా చిగురు లోటు రాదు. పెదవి వైపు ఇంపాక్ట్ అయిన పళ్లకు మాత్రం ఈ లెక్క వర్తించదు. అక్కడ గట్టి చిగురు కనీసం 2, 3 మి.మీ. మిగలకపోతే కోసి తీయకూడదు. ఏపికల్లీ పొజిషన్డ్ ఫ్లాపో (చిగురును వేరు కొస వైపుకు జరిపి కుట్టడం), క్లోజ్డో ఎంచుకోవాలి.

ఓపెన్‌లో జరిగే తప్పు ఒక్కటే: కిటికీ చిన్నదై మళ్లీ మూసుకుపోవడం. క్రౌన్ మీద పట్టు ఉండేలా ప్యాక్ వేసి 7 నుంచి 10 రోజులు ఉంచండి.

ఇక కార్టికాటమీ. ఫ్రాస్ట్ 1983లో వివరించిన రీజనల్ యాక్సిలరేటరీ ఫినామినన్ (గాయమైన చోట ఎముక మార్పు వేగం పెరగడం) మీద ఆధారపడిన పద్ధతి అది. ఆ వేగం మూడు నాలుగు నెలల్లో తగ్గిపోతుంది. మీ పంటికి కావాల్సింది వేగం కాదు, అడ్డం లేని దారి. ఈ కేసులో దానికోసం అదనంగా ఎముక కోయడం నాకు సమ్మతం కాదు.

ఆర్థో పీజీ:
చాలా స్పష్టంగా చెప్పారు సర్, మేడమ్. ఇంకొక్కటి: లాగుతున్నా కదలకపోతే యాంకైలోసిస్ అని ఎప్పుడు అనుకోవాలి?

ఆర్థోడాంటిస్ట్:
ప్రతి విజిట్‌లో చైన్ బయట ఎన్ని లింకులు ఉన్నాయో రాసుకోండి. చిగురు నుంచి హుక్ దాకా దూరం క్యాలిపర్‌తో కొలిచి పెట్టుకోండి. నెలకు 1 మి.మీ. కదిలినా సరిగానే సాగుతున్నట్టు. మూడు నెలలుగా లింకులు తగ్గకుండా, యాంకర్ పళ్లు మాత్రం ఒరిగిపోతుంటే అనుమానించాలి. ఆ మాట అనేముందు మూడు విషయాలు తేల్చుకోండి: బాండ్ లోపల ఊడిందా, క్రౌన్ ముందు ఎముక అడ్డుగా మిగిలిందా, దిశ లేటరల్ వేరు మీదికే పోతోందా. కదలని కెనైన్లలో చాలావాటికి అసలు కారణం ఈ మూడింట్లోనే దొరుకుతుంది. చిన్న సీబీసీటీ తీస్తే రెండోదీ మూడోదీ తేలిపోతాయి. చైన్ వదులుగా జారి వచ్చేస్తే మొదటిది తేలినట్టే.

పన్ను వరసలోకి వచ్చాక తొందరపడి డీబాండ్ చేయకండి. క్రౌన్ బాగా కనిపిస్తున్నా వేరు ఇంకా అంగిలి వైపే ఉండిపోతుంది. వేలితో పెదవి వైపు తడిమితే అవతలి కెనైన్ దగ్గర తగిలే గట్టు ఇక్కడ తగలదు. ఆ గట్టు తెలిసేదాకా బుక్కల్ రూట్ టార్క్ (వేరును చెంప వైపు వాల్చే బలం) ఇవ్వాలి. పన్ను మెలి తిరిగి ఉంటే ఫైబరాటమీ (పన్ను చుట్టూ ఉన్న చిగురు నారలు కోయడం) చేయించి, వెనుక రిటైనర్ బాండ్ చేయండి.