డ్రెయిన్‌ను "మురుగు గొట్టం" అనవచ్చునా?

సభ్యులందరికీ నమస్కారం. క్లోమగ్రంథికి, అంటే ప్యాంక్రియాస్‌కు శస్త్రచికిత్స చేశాక కడుపులోని ద్రవం బయటికి రావడానికి ఉంచే గొట్టాన్ని, అంటే డ్రెయిన్‌ను తెలుగులో ఏమని రాయాలన్నది నా ప్రశ్న. మా మేనమామగారికి క్లోమం తలభాగాన్ని తీసివేసే విపుల్ (Whipple) ఆపరేషన్ జరిగినప్పుడు ఆసుపత్రిలో ఇచ్చిన తెలుగు కరపత్రంలో దానికి "ఉదర మురుగు గొట్టం" అని ఉంది. అది చదవగానే ఆయన అడిగిన మాట, "లోపల కుళ్లిందా?" అని. తర్వాత డాక్టరుగారు గొట్టం తీసేద్దామంటే, "ఇంకో రెండు రోజులు ఉండనీయండి, చెడంతా పోనీయండి" అని బతిమాలారు. ఆ భయాన్నీ, ఆ కోరికనూ పుట్టించినది కరపత్రంలోని ఒక్క మాటే.

నిజానికి ఆ గొట్టం చేసే పని వేరు. విపుల్ ఆపరేషన్‌లో క్లోమం తలభాగాన్నీ, దానిని ఆనుకొని ఉన్న ఆంత్రమూలాన్నీ (చిన్నపేగు మొదటి భాగాన్నీ), పిత్తాశయాన్నీ తీసివేసి, మిగిలిన క్లోమాన్ని సాధారణంగా చిన్నపేగుకు కలిపి కుడతారు. ఆ అతుకు దగ్గర క్లోమరసం బయటికి కారితే, అన్నాన్ని అరిగించవలసిన ఆ రసమే చుట్టూ ఉన్న కణజాలాన్నీ, రక్తనాళాల గోడలనూ తినివేయగలదు. అందువల్ల అక్కడ చేరే ద్రవాన్ని బయటికి పంపడంతో పాటు, అతుకు ఎలా ఉన్నదో డాక్టర్లకు తెలియజేయడం కూడా గొట్టం పనే. ఆపరేషన్ అయిన మూడవ రోజున గానీ ఆ తర్వాత గానీ ఆ ద్రవంలోని అమైలేజ్ (పిండిపదార్థాన్ని అరిగించే, క్లోమరసంలో ఉండే ఎంజైము) రక్తంలో ఉండదగిన గరిష్ఠ పరిమితికి మూడు రెట్లు దాటితే లీకు ఉన్నట్టు లెక్క. ఆ లీకు వల్ల చికిత్సలో మార్పేమీ అవసరం కాకపోతే దానిని ఫిస్టులా (రసం కారే అసహజమైన దారి) అనరాదనీ, "జీవరసాయన లీకు" అనాలనీ అంతర్జాతీయ వైద్య బృందం 2016లో పేరు మార్చింది. పేరు సరిగా లేకపోతే రోగం తీవ్రతే తప్పుగా అర్థమవుతుందని వైద్యులే గుర్తించారన్నమాట.

"చెడంతా పోనీయండి" అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. మురుగు అన్నాక అది ఎంత పోతే అంత మంచిదనిపించడం సహజం. పరిశోధనలు చెప్పేది అది కాదు. మొదటి రోజు ద్రవంలో అమైలేజ్ లీటరుకు 5000 యూనిట్లు మించనివారిలో, మూడవ రోజునే గొట్టం తీసినవారికి ఐదవ రోజు వరకు గానీ ఆపైన గానీ ఉంచినవారికంటే ఇబ్బందులు తగ్గాయని ఇటలీలో జరిగి 2010లో వెలువడిన అధ్యయనం చూపింది. ఎక్కువ రోజులుంటే ఆ గొట్టమే సూక్ష్మజీవులకు దారి కావచ్చు. అలాగని అసలు పెట్టనే వద్దనీ అనలేము. న్యూయార్క్‌లో 179 మందితో జరిగిన 2001 నాటి అధ్యయనం గొట్టం వల్ల ప్రయోజనం కనబడలేదన్నా, విపుల్ ఆపరేషన్‌లో గొట్టం పెట్టనివారిలో మరణాలు ఎక్కువ కావడంతో అమెరికాలోని మరొక అధ్యయనాన్ని మధ్యలోనే ఆపవలసి వచ్చింది. దాని ఫలితాలు 2014లో వచ్చాయి. ఎవరికి పెట్టాలి, ఎప్పుడు తీయాలి అన్నది రోగిని బట్టి నిర్ణయించే విషయం. "మురుగు" అన్న మాటలో ఆ వివేచనకు చోటే లేదు.

"డ్రెయిన్" అనే ఉంచుదామా అంటే, ఆ మాట అందరికీ ఒకేలా వినబడదు. యనమదుర్రు డ్రెయిన్ ఒడ్డున పొలం ఉన్న భీమవరం రైతుకు డ్రెయిన్ అంటే చేలోని అదనపు నీటిని సముద్రం వైపు తీసుకుపోయే కాలువ. హైదరాబాదు వాసికి వెంటనే తోచేది వీధిలోని డ్రైనేజీ. క్రియతో మరొక చిక్కు ఉంది. "కడుపులో నీరు తీశారు" అనే అలవాటు మనకు ఉన్నందువల్ల, "మూడవ రోజున డ్రెయిన్ తీస్తారు" అన్న వాక్యాన్ని ద్రవం తీయడమనీ చదువుకోవచ్చు, గొట్టం తీయడమనీ చదువుకోవచ్చు. మా ఇంట్లోనే ఇద్దరు రెండు విధాలుగా అర్థం చేసుకున్నారు.

"రసి గొట్టం" అందామా అని ఆలోచించాను. పుండు నుండి కారేది రసి కనుక, ఇక్కడా పుండు ఉన్నదన్న భావం వస్తుంది. "స్రావ నాళిక" పుస్తకాలకు సరిపోతుంది కానీ, మంచం పక్కన కూర్చున్న మనిషి నోట పలకదు. నాకు నచ్చినది "ఊటగొట్టం". చెలమలో నీరు ఊరినట్టు అతుకు దగ్గర ద్రవం ఊరుతుంది; ఊట తగ్గడం, ఊట ఆగడం మనం రోజూ అనే మాటలే; ఊట తగ్గినప్పుడు గొట్టం తీసేయడం కూడా వినేవారికి సహజంగానే తోస్తుంది.

ఒక సభ్యుని వ్యాఖ్య: "తూము" అనే చక్కని మాట ఉండగా కొత్త సమాసం ఎందుకండీ?

నా సమాధానం: తూము మంచి మాటేనండీ, కాదనను. కానీ చెరువులో నిలవ చేసుకున్న నీటిని అవసరమైనప్పుడు వదలడానికి ఉన్నది తూము. ఇక్కడ నిలవ చేయడం ఎవరి ఉద్దేశమూ కాదు. ద్రవం నిలవకూడదనే గొట్టం పెడతారు. అందుకే కరపత్రానికి ఈ వాక్యాలు రాసి పంపుదామనుకుంటున్నాను, దోషాలుంటే దిద్దండి: "మీ కడుపులో కుట్టు వేసిన చోట ఊటగొట్టం ఉంచాము. అందులోకి వచ్చే ద్రవాన్ని పరీక్షించి, కుట్టు ఎలా ఉన్నదో తెలుసుకుంటాము. ద్రవం రావడమంటే లోపల కుళ్లినట్టు కాదు. పరీక్ష ఫలితాన్ని బట్టి గొట్టాన్ని బయటికి తీసే రోజును డాక్టరు చెబుతారు."